సరి గేర్లు నావి, బేసి గేర్లు ఆమెవి

కారు నడిపేది నేనే అయినా, నాలుగు నెలల పాటు మా కారులో గేర్లు ఇద్దరం వేశాం. రెండు, నాలుగు నేను. ఒకటి, మూడు నా భార్య. ఐదో గేరు సంగతి అడక్కండి. బెంగళూరులో పొద్దున తొమ్మిదింటికి కుందలహళ్ళి మెట్రో స్తంభాల కింద నుంచి ఆఫీసుకు పోయేవాడికి అలాంటిదొకటి ఉందన్న సంగతే గుర్తుండదు.

కారణం నా ఎడమ భుజం. ఏ దెబ్బా తగలకుండానే ఒకరోజు బిగుసుకుపోయింది. డాక్టరు దానికో పేరు పెట్టి, గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం ఒకటి చెప్పి, తగ్గడానికి నెలలు పడుతుందన్నాడు. చెయ్యి వెనక్కి లాగితే ఫరవాలేదు, ముందుకు చాస్తే ప్రాణం పోయేది. మా కారు పదేళ్ల పాతది. ఒకటో గేరు వెయ్యాలంటే రాడ్‌ను ఎడమకు జరిపి డ్యాష్‌బోర్డు దాకా తొయ్యాలి. అది నాకంటే పక్క సీట్లో కూర్చున్నవాళ్లకే దగ్గర.

ఆ పక్క సీట్లో ఆమె ఎందుకుందంటే, ఆమె స్కూటర్‌ను నేను అమ్మేశాను కనుక. అపార్ట్‌మెంట్‌లో మాకున్నది ఒక్క పార్కింగ్. స్కూటర్ గోడవారగా ఉందని సెక్రటరీ నెలకోసారి గొణిగేవాడు. ఆమె పనిచేసే బడి నా ఆఫీసు దారిలోనే ఉంది, రోజూ నేనే దింపుతాను కదా అనుకున్నాను. అనుకున్నాను గానీ ఆమెతో అనలేదు. పెళ్లికి ముందు, తన జీతంలోంచి కొనుక్కున్న బండి అది. తాళంచెవి కనపడక అడిగినప్పుడు చెప్పాను.

"అమ్మేసినారా?" అంది. అంతే. ఆ రోజు నుంచి మాటలు బంద్. గ్యాస్ అయిపోయినా, పాలవాడు రాకపోయినా వాట్సాప్‌లోనే తెలిసేది. నెల తిరక్కుండా నా భుజం పట్టేసింది. శాపనార్థాలు పెట్టిందేమోనని నాకు నిజంగానే అనుమానం వచ్చింది.

మొదటిసారి సిగ్నల్ దగ్గర జరిగింది. పచ్చ లైటు పడింది, నా చెయ్యి ముందుకు పోలేదు, వెనక హారన్ల మోత. ఆమె నా వైపు చూడకుండానే చెయ్యి చాచి రాడ్‌ను ముందుకు తోసింది. అప్పటినుంచి నేను క్లచ్ తొక్కి అంకె చెప్పడం, ఆమె గేరు వెయ్యడం అలవాటైపోయింది. "ఒకటి." "మూడు." రోజంతా మా ఇద్దరి మధ్య మాటలు అవే. బడికీ ఆఫీసుకీ మధ్యనున్న కాస్త చదును రోడ్డు మాత్రం పోతూ వస్తూ నేనొక్కణ్ణే రెండో గేరులో ఈడ్చేవాణ్ణి. ఆమెకు కారు లైసెన్సు లేదు, స్కూటరూ లేదు, గత్యంతరం లేక నాతో వస్తోందనుకున్నాను. అయినా మాట్లాడని మనిషిని రోజుకు వందసార్లు అడుక్కోవడం నాకు మహా నామోషీగా ఉండేది.

ఆటోమేటిక్ కారు కొనే స్థోమత లేదు. ఆఫీసులో నా పక్కన కూర్చునే వరంగల్ కుర్రాడు, "అన్నా, షార్ట్ షిఫ్టర్ వేయించుకో. రాడ్ సగం దూరం కదిలితే చాలు, గేరు పడ్తది," అని ఏడు వీడియోలు పంపాడు. ఏడూ చూశాను. వెన్నలా ఉంటుందని ఒకడంటాడు, రాయిలా ఉంటుందని ఇంకొకడంటాడు. విదేశీ కిట్టు ధరకు మా కారులో సగం వస్తుంది. రాడ్ కోసి, పొట్టి చేసి, మళ్లీ వెల్డింగ్ పెట్టడం అన్నిటికంటే చవక. ఈ రెంటికీ మధ్య ధరలో, రాడ్ అడుగున కేబుల్ తగిలించే చోట బిగించే చిన్న ఇనప ముక్క ఒకటుందట. నాకొచ్చిన విద్య ఎక్సెల్ కాబట్టి ఒక షీటు తెరిచాను. నాలుగు రాత్రులు నింపాక, మొదట తెలిసిన కాస్తా తెలియకుండా పోయింది.

చివరికి మా పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాను. తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగువాడు.

"ఏమప్పా, రేసుకు పోతావా?" అని నవ్వాడు. సంగతి చెప్పాక ఒక పొడుగు స్పానర్ నా చేతికిచ్చి, బిగించి ఉన్న నట్టు తిప్పమన్నాడు. చివర పట్టుకుంటే సులువుగా తిరిగింది. "ఇప్పుడు నట్టు దగ్గర పట్టుకో." చెయ్యి తక్కువే కదిలింది గానీ పళ్లు బిగపట్టాల్సి వచ్చింది.

"ఇదీ అంతే. దూరం తగ్గితే బిగువు ఎక్కువైతాది. నీకు దూరం కష్టమా, బిగువు కష్టమా? ఫస్ట్ అది చెప్పప్పా."

నాకు తెలియలేదు. కారులో కూర్చుని పదిసార్లు వేసి చూసుకున్నాను. నొప్పి వచ్చేది గానీ, ఎందుకొస్తోందో చెప్పేది కాదు.

"రెండూ," అన్నాను.

"రెండూ అంటే ఎట్లప్పా! ఒకటి ఎంచుకోవల్ల."

ఇనప ముక్కనే ఎంచుకున్నాను. అందులో కోత లేదు, నచ్చకపోతే విప్పేసి పాతది పెట్టుకోవచ్చు. స్కూటర్ విషయంలో ఆ సదుపాయం లేకపోయింది. శనివారం బిగించాడు.

సోమవారం అదే సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడింది. క్లచ్ తొక్కి, పళ్లు బిగపట్టి నేనే ఒకటో గేరు వేశాను. సరిగ్గా అప్పుడే ఆమె చెయ్యి అలవాటుగా వచ్చి, గేరు అప్పటికే పడి ఉండటం చూసి గాల్లో ఆగిపోయింది. తర్వాత వెళ్లి ఒళ్లో బ్యాగు మీద పడింది.

"అందుతాందా?"

"అందుతోంది."

"మంచిది."

బడి దాకా ఒక్క అంకె కూడా అవసరం పడలేదు. నేను కోరుకున్నది అదే. అయినా ఏదో పోగొట్టుకున్నట్టనిపించింది. దిగుతూ ఆమె అంది, "రేపట్నుంచి మెట్రోలో పోతాను. మీ చెయ్యి బాగుండాది కదా."

మెట్రో! మా ఇంటి నుంచి ఐదు నిమిషాల నడక. ఆమె బడి ముందే దిగొచ్చు. ఈ నాలుగు నెలల్లో ఏ రోజైనా ఆమె హాయిగా అందులో వెళ్లిపోగలిగేది. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఎక్సెల్ షీటులో అన్నీ రాసుకున్నాను గానీ ఆమె రోజూ ఎందుకొస్తోందో రాసుకోలేదు. ఆఫీసులో ఆ రోజంతా నాకు పని ఎక్కలేదు. సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది.

మర్నాడు ఆమె నిజంగానే బ్యాగు తగిలించుకుని నడిచి బయల్దేరింది. నేను కారు తీసి గేటు దగ్గర ఆమె పక్కన ఆపాను. అద్దం దించి, "ఒకటి," అన్నాను.

"మీకు అందుతాది కదా?"

"అందుతుంది. తొయ్యలేకపోతున్నాను."

"మరి ఇంతదూరం ఎట్లొచ్చినారు?"

"రెండో గేరులో."

మా బేస్‌మెంట్ నుంచి పైకొచ్చే ఏటవాలు రెండో గేరులో ఎక్కడం మా కారు వల్ల కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఒకసారి ఏటవాలు వైపు, ఒకసారి నా వైపు చూసి, తలుపు తీసుకుని కూర్చుంది. రాడ్ పట్టుకుని ముందుకు తోసి, "అబ్బ, ఎంత బిగువు పెట్టించినారు దీన్ని!" అంది.

నాకు కష్టం దూరమో బిగువో ఇప్పటికీ తేల్చుకోలేదు. కారు కదిలింది. రెండో గేరు నేను వేశాను. వీధి మలుపు తిరిగాక, "స్కూటర్ అమ్మేముందు నిన్ను అడగాల్సింది. తప్పు చేశాను," అన్నాను.

ఎదురుగా రోడ్డు కాస్త ఖాళీగా ఉంది. నేనింకా నోరు తెరవకముందే ఆమె చెయ్యి వచ్చి రాడ్ మీద పడింది.

"క్లచ్ తొక్కండి," అంది. "మూడు."