తాడు మీద పిండి మూట

జైనూర్ దాటి ఆరు కిలోమీటర్లు పోయాక ట్రక్కు ఆగింది. సాయంత్రం నాలుగున్నర. ఎనభైల మధ్యలో ఒక ఏడాది, ఆగస్టు నెల. వాగు మీది వంతెన వానకు కొట్టుకుపోతే, ఇనుప వంతెన వెయ్యమని సైన్యం మా తొమ్మిది మందిని పంపింది. అప్పటికి నీళ్లు మోకాలి లోతే. సామాను దాటించి అవతలి గట్టున బడి గదిలో దిగాం. రేకుల కప్పు, మూడు చోట్ల కారేది. తెల్లారేసరికి వాగు పొంగింది. ట్రక్కు ఆ గట్టున, మేం ఈ గట్టున.

నేను నర్సింగ్ అసిస్టెంటుని. మా మెట్‌పల్లిలో ఇప్పటికీ యుద్ధం గురించి చెప్పమని అడుగుతారు. నేను మర్చిపోలేని చావు మా ఇంటికి ఒక పూట బస్సు దూరంలో, ఒక్క తూటా పేలకుండా జరిగింది. అది చెబితే ఎవరికీ నచ్చదు. అయినా చెబుతాను.

మా వెల్డరు మందమర్రి వాడు, బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. ఇరవై నాలుగేళ్లు. ఏది దొరికినా రెండు ముక్కలు చేసి పక్కవాడికి ఒకటి ఇచ్చేవాడు. రొట్టె అయినా అంతే, బీడీ అయినా అంతే. సగం బీడీ ఎవడు తాగుతాడ్రా అని తిట్టేవాణ్ణి, తాగేవాణ్ణి కూడా. మాకు వాగులో దారి చూపడానికి ఒక గోండు పెద్దాయన వెదురు కర్రతో రోజూ వచ్చేవాడు. వెల్డరు ఆయన్ని తాతా అనేవాడు. తన రొట్టెలో సగం ఆయనదే.

నాలుగో రోజు పదకొండు ఇరవైకి ఇనుప చట్రం ఒకటి జారింది. వెల్డరు పిక్క చీరింది. సాయం పట్టిన పెద్దాయన పాదం కూడా తెగింది. కడిగి కట్లు కట్టాను. బురదలో తిరగొద్దని ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ వినలేదు.

ఆరో రోజు పొద్దున ఇద్దరికీ చలిజ్వరం, నూట మూడు. కాళ్లు ఎర్రగా ఉబ్బి కాలిపోతున్నాయి. ఎరుపు ఎక్కడిదాకా ఉందో ఇంకు పెన్సిలుతో చుట్టూ గీత గీశాను. నా పెట్టెలో రెండు యాంటీబయాటిక్‌లు కలిసిన సూదిమందు సీసాలు ఇరవై ఉన్నాయి. వైర్‌లెస్ ఆపరేటర్ తొమ్మిదింటికి ఆదిలాబాద్‌లో ఉన్న మా డాక్టరు కెప్టెన్‌ను కలిపాడు. వెల్డరు సంగతి చెప్పాను. ఆరు గంటలకో సీసా, అయిదు రోజులు, మోతాదు తగ్గించొద్దు, మధ్యలో ఆపొద్దు అన్నాడు. ఇరవై సీసాలూ ఒక్క మనిషికే సరి.

పెద్దాయన సంగతి చెప్పలేదు. సైన్యం మందు ప్రతి సీసాకూ జవాను నంబరు రాయాలి. బయటి మనిషికంటే వద్దంటారేమోనని భయపడ్డాను. వద్దన్నాక ఇస్తే తప్పు, అడక్కుండా ఇస్తే తప్పు కాదని నా తెలివి.

గదిలోకి వచ్చేసరికి వెల్డరు మోచేతి ఊతంతో లేచి కూర్చున్నాడు. డాక్టరుతో నేను మాట్లాడింది విన్నాడు.

"అన్నా, నా దాంట్ల సగం తాతకియ్యి. గా ఇనుము ఇద్దరి మీద పడ్డది."

పెద్దాయన గోడకు ఆనుకొని చెయ్యి ఊపాడు. "దాదా, గా పోరనికే వెయ్యి. నేను ముసలోణ్ణి."

ఇద్దరిలో ఒకరిని వదిలెయ్యడం నాకు చేతకాలేదు. సగం చేశాను.

మిగతాదంతా పద్ధతిగానే చేశాను. పెన్సిలిన్ సూదికి ఎప్పుడైనా దద్దుర్లు, ఆయాసం వచ్చాయా అని ఇద్దరినీ అడిగాను, ఎందుకంటే ఇదీ ఆ జాతి మందే. ముంజేతి చర్మంలోకి మందు చుక్క ఎక్కించి, పడుతుందో లేదో అరగంట చూశాను. ప్రాణం మీదికొస్తే వెయ్యాల్సిన అడ్రినలిన్ పక్కనే పెట్టుకున్నాను. సూదులు వేర్వేరుగా ఉడికించాను. శుద్ధమైన నీళ్లతో పొడి కలిపి, కలిపినది కలిపినట్టే వాడాను. గంటలు తప్పలేదు. మోతాదు ఒక్కటే తప్పాను.

సూది మొదలుపెట్టిన రెండో రోజుకు జ్వరం నూటికి దిగింది. ఎరుపు గీత దగ్గరే ఆగింది. నా అంతటి డాక్టరు లేడనుకున్నాను. ఆ మధ్యాహ్నం మూడింటికి అవతలి గట్టు నుంచి తాడు వేసి మాకు గోధుమపిండి, చక్కెర పంపారు. ఇంకేమైనా కావాలా అని ఆపరేటర్ నన్ను ప్రత్యేకంగా అడిగాడు. ఏమీ వద్దన్నాను.

మూడో రోజు సాయంత్రం జ్వరం మళ్లీ నూట మూడు దాటింది. ఎరుపు నా గీత దాటి వెల్డరు మోకాలు మీదికి పోయింది. అప్పుడు మైకు పట్టుకొని అంతా చెప్పాను. డాక్టరు హిందీలో, గొంతు పెంచకుండా మాట్లాడాడు. ఇద్దరున్నారని మొదటిరోజే చెబితే ఇద్దరికీ నిండు మోతాదు మొదలుపెట్టమనేవాణ్ణి, నీ సీసాలు అయిపోయేలోగా తాడు మీద ఇంకో పెట్టె వచ్చేది అన్నాడు. ఇప్పుడే ఇద్దరికీ నిండుగా వెయ్యమన్నాడు. వేశాను.

మర్నాడు మధ్యాహ్నం రెండు పదికి నీళ్లు తగ్గితే మంచాల మీద మోసి దాటించి ట్రక్కు ఎక్కించాం. ఉట్నూరు దాటాక వెల్డరుకు ఎగశ్వాస మొదలైంది. నా చేతిని గట్టిగా పట్టుకున్నాడు. తాత ఎట్లున్నడని అడిగాడు. మంచిగున్నడని చెప్పాను. ఇచ్చోడ రాకముందే, అయిదు నలభైకి, చెయ్యి వదులైంది. నేనది వదల్లేదు. ఆదిలాబాద్ ఆస్పత్రిలో పెద్దాయన పాదం తీసేశారు. బతికాడు.

వెల్డరు పెట్టె ఇవ్వడానికి మందమర్రి నేనే పోయాను. వాళ్ల బాపు బాయి నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కళ్ల అంచుల్లో బొగ్గు ఇంకా ఉంది.

"మందు దొరకలేదా బిడ్డా?"

దొరికిందని చెప్పాను. సగం చేశానని, పైవాళ్లను అడగలేదని చెప్పాను.

"మావోడే ఇయ్యమన్నడా?"

"ఔ బాపు."

"వాడు ఇయ్యమంటడు. గది వాని గుణం." నా వైపు తిరిగాడు. "మందు సంగతి నీకు ఎరుక గద, బిడ్డా."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. చెప్పుతో కొట్టినా పడేవాణ్ణి. ఆయన పెట్టె ఎత్తుకొని లోపలికి పోయాడు, ఇంట్లో ఆడవాళ్ల ఏడుపు వినబడింది, నేను బస్టాండుకు నడిచాను.

పదవీ విరమణ అయి చాలా ఏళ్లయింది. వెల్డరు ముఖం కూడా కొంచెం కొంచెం చెరిగిపోతోంది. ఆ మధ్యాహ్నం మాత్రం పోదు. ఎర్రటి వాగు మీద తాడు, తాడుకు వేలాడుతూ మెల్లగా మా వైపు వస్తున్న పిండి మూట. గట్టు చేరాక నేనే విప్పాను. పైన చక్కెర పొట్లం, కింద పిండి, పక్కన ఒక చిన్న అట్టపెట్టె పట్టేంత జాగా.