ఆదివారం మూగబోయిన కంప్యూటరు

మొన్న జమ్మలమడుగు బస్టాండులో కూర్చుని ఉండగా నా ఫోను తనంతట తానే ఆరిపోయి, కాసేపటికి మళ్లీ వెలిగి, అప్‌డేట్ పూర్తయిందని చల్లగా చెప్పింది. పక్కనున్న పెద్దాయన చేతిలోని ఫోనూ ఎప్పుడో ఒకప్పుడు ఆ పని చేసే ఉంటుంది, ఆయన పట్టించుకుని ఉండడు. నాకు మాత్రం ఆ మాట చూడగానే గుండె జారింది. ఒక పాట మోగించి, ఫోనుకు గొంతు ఉందని తెలుసుకున్నాకే బస్సెక్కాను. అరవై దాటినవాడు అప్‌డేటుకు భయపడడమేమిటని మీరు నవ్వవచ్చు. మన ఈడువాళ్లలో కంప్యూటరుతో కుస్తీ పట్టినవాళ్లుంటే మాత్రం నవ్వరు.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో నేను ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియనుగా చేసేవాణ్ణి. షిఫ్టు దిగి, ఒంటిమీది దుమ్ము కడుక్కున్నాక కొందరికి పేకాట, కొందరికి రాజకీయాలు, నాకేమో ఓపెన్ సోర్స్ పిచ్చి. అంటే, లోపల రాసిందంతా అందరికీ కనపడేలా తెరిచిపెట్టి, కావలసినవాళ్లు దిద్దుకోండని ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్. మోటారు పాడైతే మూత విప్పి చూసే అలవాటున్న నాకు, మూత విప్పనిచ్చే కంప్యూటరు దొరకడం ఎంత సంబరమో మాటల్లో చెప్పలేను. బాగున్నదాన్ని విప్పి, చెడగొట్టి, మళ్లీ బాగుచేసుకుని, ఏదో ఘనకార్యం చేసినట్టు మా ఆవిడకు చూపించేవాణ్ణి. ఆమె చూసి, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేది.

మా అక్కకు చిన్నప్పుడు తట్టు పోసి రెండు కళ్లూ పోయాయి. పులివెందులలో ఒక సర్కారు ఆఫీసులో టెలిఫోను ఆపరేటరుగా ఇరవై ఏళ్లకు పైగా చేసింది. బావ ఆ ఊళ్లోనే బడిపంతులు. ఇంటి నుంచి ఆఫీసుకు ఎన్ని అడుగులో, ఎక్కడ కాలువ మీద బండ కదులుతుందో, ఏ మలుపులో టీ కొట్టు పొయ్యి వేడి తగులుతుందో అన్నీ ఆమెకు పాదాల్లోనే ఉండేవి. అలాంటిది కొత్తగా వచ్చిన ఆఫీసరు, టెలిఫోను బోర్డు తీసేస్తున్నామనీ, నెలలోపల కంప్యూటరు మీద పని చేసి చూపిస్తే ఉంచుతామనీ, లేకుంటే ఖాళీ ఉన్న మరో ఊరికి పంపుతామనీ చెప్పాడు. ఆయన చెడ్డవాడేం కాదు, గుంటూరు వైపు మనిషి, మర్యాదగానే చెప్పాడట. మర్యాదగా చెప్పినంత మాత్రాన కొత్త ఊళ్లో అడుగులు లెక్కపెట్టుకోవడం సులభమవుతుందా?

ఆ శనివారం అక్క మా ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకముందే అడిగింది. "అబ్బీ, నీ డబ్బా నాతో మాట్లాడుతుందా?"

తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఉండేది. దానికి తెలుగు గొంతూ ఉండేది కానీ, అది మన గొంతు కాదు. ఎక్కడో సముద్రాల అవతల పుట్టి, అక్షరాలు చూసి తెలుగు నేర్చుకున్నవాడిలా పలికేది. ళ అనడం దానికి రాదు, అన్నీ ల లే. కళ్లు అని రాస్తే కల్లు అని చదివేది. అక్క విని విని ఒకటే నవ్వు. "దీనికి కల్లు తెలిసినట్టు కళ్లు తెలీవు, శానా తాగుబోతు మాదిరుండాది" అంది.

నెలంతా, సెలవు దొరికినప్పుడల్లా అక్క చెవి, నా చెయ్యి. కీబోర్డు మీద తెలుగు కొట్టడం అక్క వేళ్లకు వారంలోనే పట్టుబడింది. ఆమె తప్పు చెప్పేది, నేను లోపలి నియమాలు వెతికి దిద్దేవాణ్ణి. దిద్దినవి దాన్ని తయారుచేసేవాళ్లకు పంపితే, మీరు చెప్పింది నిజమే, తర్వాతి దాంట్లో చేరుస్తామని ఎవరో జవాబు రాశారు. ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే మీరే సిగ్గుపడతారు. మరో చిక్కు కూడా ఉండేది. ఆఫీసుల్లో పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన కాగితాలు తెర మీద తెలుగులాగే కనపడినా, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులూ. మిషను వాటిని చదివితే పిచ్చివాడి కేకల్లా ఉండేది. వాటిని అసలు తెలుగులోకి మార్చడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. వత్తులు తప్పుతుండేవి, అయినా ఎవరికైనా పనికొస్తుందని ఇంటర్నెట్టులో పెట్టాను.

మర్నాడు సోమవారం పరీక్ష అనగా, ఆదివారం చర్చి నుంచి వచ్చి కంప్యూటరు వేస్తే, కొత్త అప్‌డేటు వచ్చిందని కనపడింది. మార్పుల జాబితాలో తెలుగు ఉచ్చారణ దిద్దుబాట్లు అని ఉంది. నావి! ఒక్కరోజు ఆగలేకపోయాను. అక్క వంటింట్లో మా ఆవిడతో చిక్కుళ్లు తుంచుతూ ఉంది. నేను బటను నొక్కాను. అది ఎక్కింది, ఆరింది, వెలిగింది. మాట్లాడలేదు.

ఏం చేసినా మాట్లాడలేదు. స్పీకరు మార్చాను, వైర్లు పీకి పెట్టాను, తెలిసిన ఆదేశాలన్నీ కొట్టాను. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అక్కకు ఏం చెప్పాలో తెలియక, మామ దగ్గర చిన్న పార్టు తెచ్చుకోవాలని అబద్ధమాడి, ఆ డబ్బాను గోనెసంచిలో చుట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాను. ఎండాకాలం, ఒళ్లో అంత బరువు, ఇనుము తొడల్ని కాలుస్తున్నా నాకు తెలియలేదు. ఒకటే మాట తిరుగుతోంది నాలో. అక్క ఉద్యోగాన్ని నా పేరు చూసుకునే మురిపానికి పణంగా పెట్టాను.

మామ అంటే రక్తసంబంధం కాదు. కువైట్‌లో కొన్నేళ్లు చేసి వచ్చి ప్రొద్దుటూరులో రిపేరు షాపు పెట్టుకున్న సాయిబు. ఆ డబ్బాను పాత సామాన్లతో కూర్చి ఇచ్చింది ఆయనే. నన్ను చూడగానే సంగతి పసిగట్టాడు.

"పలుకుతాండేదాన్ని ఎందుకు కెలికినావప్పా? నీ చెయ్యి ఊరకుండదా?"

రెండు గంటలు ఇద్దరం కిందామీదా పడ్డాం. ఆయనకు సాఫ్ట్‌వేర్ తెలియదు, నాకు తెలిసింది అక్కరకు రాలేదు. చివరికి ఆయన సొరుగులోంచి తను మొదట ఎక్కించిన పాత డిస్కు తీసి నా ముందు పెట్టాడు. అంతా తుడిచేసి అది మళ్లీ ఎక్కిస్తే గొంతు వస్తుంది, కానీ దాని మీద నేను చేసుకున్నవన్నీ పోతాయి. నకలు తీసిపెట్టుకున్నావా అని అడిగాడు. తీసుకోలేదు. ఊళ్లో అందరికీ నకలు తీసుకోండని చెప్పేవాణ్ణి నేనే.

"గొంతు కావాల్నా, గొంతుకు నువ్వు నేర్పిన మాటలు కావాల్నా? రెండూ అయితే నాచేత కాదు."

గొంతే కావాలన్నాను. నెల రోజుల పని కళ్లముందే తుడిచిపెట్టుకుపోయింది. అది కళ్లను మళ్లీ కల్లు అని పలకడం విని మామ పెద్దగా నవ్వి, నా ముఖం చూసి ఆపేశాడు.

సోమవారం పొద్దున అక్కా నేనూ డబ్బాతో పులివెందులలో దిగాం. ఆఫీసరు గదిలో ఆయన కాక మరో నలుగురు గుమాస్తాలు నిలబడి ఉన్నారు. అక్క ఎప్పటిలాగే చీర కొంగు సరిచేసుకుని కుర్చీలో కూర్చుంది. ఆఫీసరు ఒక కాగితం ఆమె ముందు పెట్టి, చదవమ్మా అన్నాడు. అక్క వేళ్లతో కాగితం అంచు తడిమి, "కాగితం చదవలేను సార్. కంప్యూటర్‌లో ఉంటే ఇప్పించండి" అంది. ఒక గుమాస్తా పెన్‌డ్రైవులో ఆ ఉత్తరాన్ని తెచ్చిపెట్టాడు. నేను తెరిచాను. పాత ఫాంటు.

మిషను గట్టిగా మొదలుపెట్టింది. ఎక్స్, కామా, డాలర్, క్యూ, బ్రాకెట్... వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు మిగతావాళ్లకూ అంటుకుంది. అక్క చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. ఫాంట్లు మార్చే నా ప్రోగ్రాం ఆదివారం మిగతావాటితోపాటే పోయింది.

సార్, మీ ఇంటర్నెట్టు వైరు ఒక్కసారి ఇప్పించండి అని అడిగాను. ఆయన గడియారం చూసి, పది నిమిషాలన్నాడు. నేను లోకానికని పెట్టిన పేజీ నత్తలా తెరుచుకుంది. చూస్తే అందులో నా ప్రోగ్రాం నేను పెట్టినట్టు లేదు. ఎవరో, నాకు తెలియని మనిషి, దాన్ని తీసుకుని, నేను తప్పిన వత్తులన్నీ సరిచేసి, మళ్లీ అక్కడే పెట్టారు. దింపుకుని, ఉత్తరాన్ని దానిగుండా పంపాను.

ఈసారి మిషను తెలుగు చదివింది. సింహాద్రిపురంలో ఉచిత శిబిరం, చుట్టుపక్కల పల్లెల వృద్ధులకు ఉచితంగా కల్లు పరీక్షించబడును. గుమాస్తాలు మళ్లీ నవ్వారు. అక్క నవ్వలేదు. ఆఫీసరు వైపు ముఖం తిప్పి, "కల్లు కాదు సార్, కళ్లు. దానికింకా తెలుగు సరిగ్గా రాదు. నాకొచ్చు" అంది.

ఆయన ఆ ఉత్తరానికి జవాబు నోటితో చెబితే, అక్క టకటకా కొట్టి, మిషను చేత ఒకసారి చదివించుకుని, రెండు మాటలు దిద్ది ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని తెర మీద చాలాసేపు చదివాడు. "సరేనమ్మా, వెళ్లి మీ సీట్లో కూర్చోండి" అని మాత్రం అన్నాడు.

బయటికొచ్చాక, వేపచెట్టు కింద అక్కకు నేను ఆదివారం ఆడిన అబద్ధం సంగతి చెప్పేశాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "నిన్ననే తెలుసు అబ్బీ. మిషను మూగదైతే ముందు తెలిసేది నాకే గదా. నేను ఏమన్నా అంటే నీకు చేతులాడవని ఊరకుండినా" అంది. నేను రోడ్డు మీద పోయే బస్సుల వైపు చూస్తూ ఉండిపోయాను, కళ్లు తుడుచుకున్నట్టు ఆమెకు తెలియదనుకుని.

ఆ వత్తులు దిద్దిన మనిషికి రాత్రిపగలనక ఆలోచించి ఒక ఉత్తరం రాశాను. పనికొచ్చినందుకు సంతోషం అని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఆడో మగో, ఏ ఊరో ఈనాటికీ తెలియదు. అక్క పులివెందులలోనే, అదే సీట్లో రిటైరైంది. మామ షాపు మూసేసి ఇంటిపట్టున ఉన్నాడు.

ఇప్పుడు అక్క ఫోనే అన్నీ చదివిపెడుతుంది, నున్నటి గొంతు, నాలాంటివాడు ఎవడూ దిద్దనక్కర్లేనంత తెలుగు. అయినా మన ఊళ్ల పేర్ల దగ్గర తడబడుతుంది. పోయిన వారం వీరపునాయునిపల్లెను మూడు ముక్కలుగా విరిచి చదివితే, అక్క విసుక్కుని నా చేతికిచ్చి, "దీనికి చెప్పు అబ్బీ, అట్ల కాదని" అంది. సెట్టింగులన్నీ వెతికాను. రంగు మార్చుకోవచ్చు, వేగం మార్చుకోవచ్చు, ఆడ గొంతో మగ గొంతో ఎంచుకోవచ్చు. తప్పుందని చెప్పే చోటు లేదు, లోపలికి చూసే సందు లేదు. అక్క జవాబు కోసం ఎదురుచూస్తోంది. నేను లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. అది ఆమెకు కనపడదన్న సంగతి గుర్తొచ్చి, నోరు తెరిచి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.