కడియంతో తిరిగొచ్చిన పసుపు పిట్ట

నిరుడు జనవరిలో దేవరకొండ దగ్గర ఒక జొన్నచేనులో, పిచ్చుకంత ఉన్న పసుపు పొట్ట పిట్ట కాలికి నంబరున్న చిన్న కడియం తొడిగాను. నా చేత్తో తొడిగిన మొదటి కడియం అదే. చలికాలంలో పశ్చిమాసియా నుంచి వచ్చి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోయే పాటపిట్ట అది. మళ్లీ ఇదే చేనుకు వస్తుందా? ఏడాదంతా అదే ఆలోచన. అందుకే ఈ జనవరిలోనూ, పిట్టలకు కడియాలు వేసే అనుమతి ఉన్న బృందంతో స్వచ్ఛందంగా బయలుదేరాను.

హైదరాబాద్ నుంచి దేవరకొండకు బస్సులో దాదాపు మూడు గంటలు. ముందురోజు సాయంత్రమే చేరుకుని అక్కడే పడుకుంటే మంచిది. తెల్లవారుజామున అయిదింటికి ఆటో మాట్లాడుకున్నాను, కిరాయి రెండు వందలు. "పిట్టలు పట్టి ఏం జేస్తరు సార్, వండుకుంటరా?" అన్నాడు డ్రైవర్. కడియం వేసి వదిలేస్తామన్నాను. "గంతేనా? గింత దూరమొచ్చి!" అని పకపకా నవ్వాడు.

నిరుటి చేనే, యాదమ్మది. మా బృందానికి పెద్ద సుజాత గారు. వెలుగు రాకముందే గట్టు వెంట సన్నని వలలు కట్టాం. చివరి వల నాది. ఇరవై నిమిషాలకోసారి చూసి, చిక్కిన పిట్టను వెంటనే విడిపించాలి. ఎనిమిదిన్నర దాకా బుద్ధిగా అదే చేశాను.

అప్పుడు యాదమ్మ నాలుగు గట్ల అవతల వేసిన మంట దగ్గర నుంచి పిలిచింది. "జొన్న కంకులు కాల్చిన, రా బిడ్డా. మా చేనుకొచ్చి తినకుండ పోతవా?"

అయిదు నిమిషాలే కదా అనుకున్నాను. ఆమె వేడి గింజలు నలిపి దోసిట్లో పోస్తుంటే, పురుగు మందుల ధరలు, రాని వానల కబుర్లలో పడి టైమే మరిచిపోయాను. వల దగ్గరికి వెళ్లేసరికి తొమ్మిదింబావు. పసుపు పిట్ట మెడకు వల దారం బిగుసుకుని వేలాడుతోంది. విడదీసి చేతిలోకి తీసుకుంటే ఒళ్లు ఇంకా వెచ్చగా ఉంది. కాలికి కడియం. నంబరు చూడగానే గుర్తుపట్టాను. నాదే.

నా వెనకే వచ్చిన యాదమ్మ వంగి చూసింది. "గా కడెం నువ్వే తొడిగినవా?"

"అవునమ్మా, పోయినేడు."

"గంత దూరం పోయి మల్లొచ్చిందా!" అని, "నేను పిలవకుంటే బతికేది గదా," అంది.

ఆ తప్పు ఆమెది కాదని చెప్పబోతుండగా సుజాత గారు వచ్చారు. తిట్టలేదు. పుస్తకం, పెన్ను నా చేతికిచ్చి, "మీరే రాయండి," అన్నారు. నంబరు, బరువు రాశాను. చావుకు కారణం అన్న గడిలో, 'వల దగ్గర ఎవరూ లేరు' అని రాశాను.

నా ప్రశ్నకు జవాబు దొరికింది. పిట్ట ఎడారులు, కొండలు దాటి సరిగ్గా అదే చేనుకు వచ్చింది. నేను మాత్రం నాలుగు గట్ల అవతలి నుంచి వేళకు రాలేకపోయాను. మళ్లీ వలలు కట్టడానికి వెళతానో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మీరు వెళ్లాలనుకుంటే ఒక్కటే మాట. ఎవరు ఎంత ప్రేమగా పిలిచినా సరే, ముందు వల మూసి కట్టి, ఆ తర్వాతే కదలండి.