సీతాఫలాలమ్మ మాటలు ఏ ఫైల్లో దాచాలి?

మొజంజాహీ మార్కెట్‌లో పళ్లమ్మే ఆడవాళ్ల మాటల మీద ఒకప్పుడు పరిశోధన చేశాను. రికార్డు చేసిన క్యాసెట్లు బూజు పట్టి పోయాయి. మిగిలింది ఆ మాటలు రాసి నాంపల్లిలో డీటీపీ చేయించిన ఫైళ్లే. వాళ్లలో నాతో గంటల తరబడి మాట్లాడిన సీతాఫలాలమ్మ ఇప్పుడు లేదు. బండి కూతురు నడుపుతోంది. కనిపించినప్పుడల్లా ఒకటే మాట: "మా అమ్మ మాటలు నీ దగ్గర ఉన్నయంట గదా మేడం, జర ఇనిపియ్యి. నాకు సదువు రాదు."

ఇంతలో యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు ఆ ఫైళ్లను ఎప్పటికైనా తెరుచుకునే ఫార్మాట్‌లో ఇమ్మన్నారు. ఎప్పటికైనా అంటే ఎప్పటిదాకా? సాదా టెక్స్ట్ అయితే ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుందన్నారు. సరేనని అలా సేవ్ చేసి చూద్దును కదా, తెలుగు మాయం! అన్నీ ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు. అబిడ్స్‌లో ఇంకా మిగిలి ఉన్న ఒక డీటీపీ షాపుకి పరిగెత్తాను.

"గిది పాత ఫాంట్ మేడం. గా ఫాంట్ ఉంటెనే తెలుగు కనవడ్తది," అన్నాడు షాపతను. "పీడీఎఫ్ చేస్తె ఎట్లున్నది గట్లనే ఉంటది. ఇప్పటి ఫోన్లల్ల నడిచే యూనికోడ్ తెలుగుల మారిస్తె తప్పులొస్తయ్, కూసొని దిద్దుకోవాలె. ఏది చెయ్యాలె?"

నాకేం తెలుసు! రెండూ చేయించాను. పీడీఎఫ్‌లో అచ్చు ముచ్చటగా ఉంది, కానీ ఒక్క మాట వెతికినా దొరకదు. రెండోదాంట్లో మాటలు దొరుకుతున్నాయి, మధ్యలో అక్షరాలు ఎగిరిపోయాయి. ఏది దాచాలో పాలుపోక, రెండూ ఫోన్‌లో వేసుకుని మార్కెట్‌కి వెళ్లాను.

పీడీఎఫ్ పైకి చదివి వినిపించమంటే ఫోన్ అర్థంలేని శబ్దాలేవో గొణిగింది. కూతురు ముఖం చిన్నబోయింది. నాకు నా చదువు మీదే ఒళ్లు మండింది. తప్పుల ఫైలు పెట్టాను. ఫోన్‌లోని ఆడగొంతు వార్తలు చదివినట్టు మొదలెట్టింది: "బేరమాడేటోళ్ల మీద నాకు కోపం రాదు బిడ్డా. అడగకుండ పొయ్యేటోళ్లను చూస్తెనే..."

అక్కడ అక్షరాలు పోయి ఫోన్ తడబడింది. తూకం వేస్తున్న కూతురు చెయ్యి ఆగిపోయింది.

"...పానం ఉసూరంటది," అంది, అచ్చం వాళ్లమ్మలాగే సాగదీస్తూ.

ఎగిరిపోయిన మాట అదే. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, సీతాఫలాల బుట్ట పక్కకి జరిపి నాకు చోటిచ్చింది.

"గొంతు మా అమ్మది కాదు గానీ మాట ఆమెదే. మల్లొకసారి పెట్టు మేడం. యాడ తప్పితే గాడ నేను చెప్త."