పేర్లయ్యేదాకా లేవని మనిషి

శేషగిరిరావు గారు సినిమా చూడరు. సినిమా అయిపోయాక పడే పేర్లు చూస్తారు.

ముందున్న రెండున్నర గంటలూ ఆయనకి ఊరికే కాలక్షేపం. హీరో కొండలెత్తనీ, విలన్ ఊళ్ళు మింగనీ, ఆయన కుర్చీలో వెనక్కి వాలి పల్లీలు నములుతూ ఉంటారు. చివర్లో నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పైకి పాకడం మొదలైందా, అప్పుడు చూడాలి ఆయన్ని! పల్లీల పొట్లం జేబులోకి పోతుంది, నోటుపుస్తకం బయటికొస్తుంది, కళ్ళజోడు తుడుచుకుని నిటారుగా కూర్చుంటారు. జనమంతా ఆయన కాళ్ళు తొక్కుకుంటూ పోతుంటే, "కాస్త వంగి వెళ్ళండి బాబూ, ఎడమ వరుస కనపట్టం లేదు" అని బతిమాలుతారు.

దీనివల్ల ఈ భూమ్మీద నష్టపోయిన ఏకైక ప్రాణి విజయ్ కుమార్. ఏలూరులో ఆయన వెళ్ళే థియేటరుకి అతను మేనేజరు. ఆటకీ ఆటకీ మధ్య ఇరవై నిమిషాలుంటుంది. అందులోనే హాలు ఖాళీ చేయించాలి, ఊడిపించాలి, ఎవరో ఒలకబోసిన కూల్‌డ్రింకు తుడిపించాలి, వీలైతే తను రెండు ముద్దలు తినాలి. మామూలు సినిమాలకి బెంగ లేదు, రెండు నిమిషాల్లో పేర్లు అయిపోతాయి. ఈ సూపర్‌హీరోలూ, మాయా రాజ్యాలూ వచ్చి అతని ప్రాణం తీశాయి. ఒక్కోదానికి పది నిమిషాల పేర్లు! ఆ పది నిమిషాలూ ఖాళీ హాల్లో శేషగిరిరావు గారొక్కరే కూర్చుంటారు, చుట్టూ చీపుళ్ళు పట్టుకుని నలుగురు నిలబడతారు.

"ఏసీ ఆపేశామండీ."

"ఫర్వాలేదండీ, ఉక్కపోత నాకలవాటే."

"లైట్లు కూడా వేసేశామండీ."

"మరీ మంచిదండీ, రాసుకోడానికి వీలుగా ఉంది."

ఓసారి విజయ్ కుమార్ తెగించి, ఊడ్చే ఏసుకుమార్‌ని సరిగ్గా ఆయన ముందు వరసలో దుమ్ము లేపమని పంపాడు. ఆయన తుమ్ముతూనే రాసుకున్నారు. తుమ్ముల్లో రెండు పేర్లు తప్పిపోయాయని మర్నాడు మళ్ళీ టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు.

ఏసీ గాలి కోసం వచ్చే పెన్షనరని విజయ్ కుమార్ తీర్మానించేసుకున్నాడు.

ఇక బయట, గేటు పక్క టీకొట్టు దగ్గర, ఆట వదలగానే అభిప్రాయాల సంత మొదలవుతుంది. ఆ సంతకి పెద్దలు హర్షిత్, బన్నీ. ఇద్దరూ ఇంజినీరింగు చదువుతున్నారు. ప్రతి శుక్రవారం పక్కపక్క సీట్లలో కూర్చుని, రెండు వేర్వేరు సినిమాలు చూసినట్టు బయటికొస్తారు.

"మొసలి లేచే సీనుకి రోమాలు నిక్కబొడుచుకున్నాయిరా!" అన్నాడు హర్షిత్ ఒక మాయా రాజ్యం సినిమా చూసి.

"నీకు ఏసీకి నిక్కబొడుచుకున్నాయి" అన్నాడు బన్నీ. "గ్రాఫిక్స్ తేలిపోయాయి. అది మొసలా, ప్లాస్టిక్ బకెట్టా? మా కొల్లేటి గట్టు మీద ఉడుము అంతకన్నా బాగా నటిస్తుంది."

అప్పటికి పేర్లు ముగించుకుని శేషగిరిరావు గారు వచ్చారు. "మీరు చెప్పండి తాతగారూ, మొసలి బాగుందా లేదా?" అనడిగాడు హర్షిత్.

"ఇరవై ముగ్గురు."

"ఏంటండీ?"

"జంతువుల పని చేసినవాళ్ళు ఇరవై ముగ్గురు. నీళ్ళకి పదకొండు మంది. మొత్తం రెండు వేల నాలుగొందల పేర్లు. అందులో మన వైపు వాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది దాకా ఉంటారు. దివ్యంగా ఉందండీ సినిమా."

"పోయిన వారం దెయ్యాల సినిమా ఎలా ఉందండీ మరి?"

"తొంభై పేర్లు. అదీ ఒక సినిమానేనా?"

ఆయన్ని అనడానికి లేదు లెండి. ఏలూరు పోస్టాఫీసులో ముప్ఫై ఆరేళ్ళు ఉత్తరాలు విడదీసిన చెయ్యి అది. ఇంటిపేరు కనపడితే చాలు, ఏ ఊరో, ఏ వీధో ఆలోచించకుండా ఉండలేరు.

ఈ వేసవిలో రెక్కల హీరో సినిమా వచ్చింది. శుక్రవారం మొదటి ఆటకొచ్చి శేషగిరిరావు గారు ఆఖరి అక్షరం దాకా చూసుకుని వెళ్ళారు. శనివారం రాలేదు. విజయ్ కుమార్ పండగ చేసుకున్నాడు. ఆ సాయంత్రమే ఓనరు ఫోన్ చేశాడు.

"రేపు ఆదివారం, ఐదాటలు. పేర్లు మొదలవగానే ఆపించెయ్. ఆ పెద్దాయన మూలంగా ఒక్క ఆట ఆలస్యమైనా నువ్వు వేరే పని చూసుకోవాల్సి ఉంటుంది."

ఇన్నాళ్ళకి దేవుడు కళ్ళు తెరిచాడనుకున్నాడు విజయ్ కుమార్.

ఆదివారం పొద్దుటాటకి శేషగిరిరావు గారు ఇంకొకాయన్ని వెంటబెట్టుకుని వచ్చారు. పంచె, భుజాన తువ్వాలు, మొహం నిండా అనుమానం. ఇంటర్వెల్లో విజయ్ కుమార్ వాళ్ళ దగ్గరికెళ్ళి, కాస్త హుషారుగానే చెప్పాడు. "ఇవాళ్టి నించి పేర్లు వెయ్యడం లేదండీ. ఓనరుగారి ఆర్డరు."

శేషగిరిరావు గారి చేతిలో పల్లీలు చేతిలోనే ఆగిపోయాయి. ఆయన మొహం అంతగా వాడిపోవడం విజయ్ కుమార్ ఎప్పుడూ చూడలేదు.

"అదేంటండీ! సత్తిరాజు గారు పొద్దున్నే ముదినేపల్లి నించి బస్సెక్కి వచ్చారండీ!"

"మీ చుట్టాలాండీ?"

"కాదండీ" అన్నాడు సత్తిరాజు. "నిన్ననే చూశాను ఈయన్ని. బస్సు దిగి, గుడివాక తేజశ్రీ ఇల్లు ఇదేనాండీ అనడిగారు. కోర్టు కాయితమేమో అని నేను పెరట్లోకి పోయానండీ. మా అమ్మాయండీ తేజశ్రీ. నాలుగేళ్ళయింది హైదరాబాదు వెళ్ళి. ఏం పనమ్మా అంటే, తీగలు చెరుపుతున్నాను నాన్నా అంటుందండీ. అదొక ఉద్యోగమాండీ?"

శేషగిరిరావు గారు అందుకున్నారు. "హీరోని తీగలు కట్టి ఎగరేస్తారండీ. తర్వాత ఆ తీగలు కనపడకుండా కంప్యూటర్లో ఈ పిల్లలు చెరిపేస్తారు."

"ఇందాకణ్ణించి కళ్ళు చించుకుని చూశానండీ. మా అమ్మాయి చేసింది ఒక్కటీ కనపళ్ళేదు."

"కనపడకూడదండీ. కనపడితే ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది."

సత్తిరాజు విజయ్ కుమార్ వైపు తిరిగి చేతులు చాపాడు. "చూశారాండీ వరస? నేను కోత కోశానంటే కుప్ప చూపిస్తాను. ఇదేం చూపిస్తుందండీ? మా ఊరి కాన్వెంటులో టీచరు పోస్టుంది. రేప్పొద్దున బస్సుకి వెళ్ళి తీసుకొచ్చేద్దామని బట్టలు కూడా సర్దుకున్నాను. అమ్మాయి ఫోన్లో ఒకటే ఏడుపండీ. ఈయనేమో తెర మీద పేరు పడింది, ఒక్కసారి చూసి అప్పుడు మీ ఇష్టం అన్నారు. ఆయ్, సరేనని వచ్చాను."

"ఎనిమిదో నిమిషమండీ, ఎడమ వరుస" అంటూ శేషగిరిరావు గారు నోటుపుస్తకం తెరిచారు.

విజయ్ కుమార్ ఆ పేజీలోకి తొంగిచూశాడు. ప్రతి పేరు పక్కనా ఒక ముక్క రాసి ఉంది. కలిదిండి, వెళ్ళాను, తల్లితో చెప్పాను, సంతోషించింది. దెందులూరు, తాతగారికి చెవుడు, రాసి చూపించాను. తాడేపల్లిగూడెం, ఇల్లు మారారు, మళ్ళీ వెళ్ళాలి. అలా పేజీలకి పేజీలు. విజయ్ కుమార్‌కి చచ్చేంత సిగ్గేసింది. ఇలాంటి మనిషి ముక్కులోకా తను దుమ్ము పంపించింది!

సినిమా అయిపోయింది. పేర్లు మొదలయ్యాయి. పైన క్యాబిన్‌లోంచి ఆపరేటరు అబ్బాయిరాజు ఫోన్ చేశాడు. "ఆపెయ్యనాండీ?"

"ఆపావంటే నీ కాళ్ళు విరగ్గొడతాను" అన్నాడు విజయ్ కుమార్.

బయట మధ్యాహ్నం ఆట జనం గేటు ఊపేస్తున్నారు. అందరికన్నా ముందు హర్షిత్, బన్నీ. హీరో రెక్కల మీద తగువు తేలక రెండోసారి చూడ్డానికొచ్చారు. విజయ్ కుమార్ ఒక్క క్షణం ఆలోచించి తలుపులు బార్లా తీసేశాడు. ఒక పూట ఊడవకపోతే కొంప మునగదు.

"వచ్చి కూర్చోండి. మాట్లాడకండి. ఒక పేరు రావాలి."

"ఎవరిదండీ?"

"మన ముదినేపల్లి అమ్మాయిది. హీరో తీగలు చెరిపింది."

"తీగలా?" బన్నీ గుండె పగిలింది. "అయితే హీరో నిజంగా ఎగర్లేదాండీ?"

కబురు వరస నించి వరసకి పాకింది. మూడో వరసకి చేరేసరికి ఆ అమ్మాయి హీరోకి రెక్కలు కుట్టింది. పదో వరసలో సినిమా మొత్తం ఆ అమ్మాయే తీసింది. నాలుగొందల మంది ఊపిరి బిగబట్టి, ఎన్నడూ చూడని పేర్ల వైపు చూస్తూ కూర్చున్నారు.

"అదిగోనండీ!" అని శేషగిరిరావు గారు లేచి నిలబడి వేలు చూపించారు.

హాలు దద్దరిల్లిపోయింది. ఈలలు, కేకలు, చింపిన టిక్కెట్ల ముక్కలు! శుక్రవారం హీరో దిగినప్పుడు కూడా అంత గోల లేదు. ఆ గోలకి బిత్తరపోయిన సత్తిరాజు వెనక్కి తిరిగి జనానికి దణ్ణాలు పెడుతూ ఉండిపోయాడు. తిరిగి చూసేసరికి పేరు పైకి వెళ్ళిపోయింది.

"ఏదండీ? ఏదండీ?"

"అబ్బాయిరాజూ, వెనక్కి పోనీ!" విజయ్ కుమార్ ఫోన్లో అరిచాడు. "అక్కడ ఆపు!"

ఈసారి పేరు తెర మీద నిలబడిపోయింది. సత్తిరాజు గాల్లో వేలు కదుపుతూ ఒక్కో ఇంగ్లీషు అక్షరమే కూడబలుక్కుని చదువుకున్నాడు. చదివి, తువ్వాలుతో మొహమంతా తుడుచుకున్నాడు.

"ఇంటిపేరు కూడా వేశారండీ" అన్నాడు.

విజయ్ కుమార్ జేబులో ఓనరు ఫోను మోగుతూనే ఉంది. అతను తియ్యలేదు. "మరి రేపటి బస్సు సంగతేంటండీ?" అనడిగాడు.

"బస్సేంటండీ? బుద్ధున్నవాడెవడైనా పని చేసుకునే పిల్లని కదుపుతాడా?" అని సత్తిరాజు అతన్నే కసిరాడు. పేర్లు మళ్ళీ కదిలాయి. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "పదండి శేషగిరిరావు గారూ, టీ తాగుదాం."

శేషగిరిరావు గారు ఆయన చొక్కా పట్టుకుని లాగారు. "కూర్చోండి. ఇంకా ఐదొందల పేర్లున్నాయి."

"మా అమ్మాయిది అయిపోయింది కదండీ?"

"మీరొచ్చారు కాబట్టి మీ అమ్మాయిది చూశారు. వీళ్ళ నాన్నలెవరూ రాలేదు కదండీ? వీళ్ళ పేర్లు ఎవరు చూస్తారు?"

సత్తిరాజు తెర వైపు చూశాడు. తర్వాత కూర్చుని, పంచె సర్దుకుని, ముందుకు వంగాడు.

"అయితే కుడి వరుస నేను చూస్తానండీ" అన్నాడు.