గుమానారాం మోసిన తీతువు గుడ్లు

మా ఖారాసర్‌లో ఇసుకదిబ్బలకే నిలకడ లేదు. మా గడప ముందున్న దిబ్బ నా పెళ్ళి ఊరేగింపు వెంట బయల్దేరి, అత్తవారి ఊళ్ళోనే స్థిరపడింది. ఇంతవరకు తిరిగి రాలేదు. మిట్టమధ్యాహ్నం మా ముళ్ళతోక బల్లులు కాళ్ళు కాలకుండా వంతులేసుకుని ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కుతాయి. ఇన్ని వింతల్లోనూ పనికిమాలిన వింత గుమానారాం ఒక్కడే.

మీసం తప్ప అతనికి చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. మేకలు కాసేది, నీళ్ళు మోసేది భార్య ఝమకూ. అతను జమ్మిచెట్టు కింద కూర్చుని, నీడ జరిగినప్పుడల్లా తానూ జరిగేవాడు. అదే అతని కాయకష్టం.

ఆ ఏడు అక్షయ తృతీయనాడు వాన శకునాలు చూడటానికి ఊరంతా చేరితే, "ఈసారి చెరువు అలుగు పారకపోతే నా మీసం తీయించేస్తా!" అని తొడ చరిచాడు. మాకు శకునమంటే తీతువు పిట్ట. అది మెరకన గుడ్లు పెడితే వాన, పల్లాన పెడితే కరువు. కొద్దిరోజులకే తీతువు వచ్చి, ఎండిన చెరువు నడిగుంటలో గుడ్లు పెట్టింది.

మర్నాటికి ఆ గుడ్లు పెద్దదిబ్బ నెత్తిన ఉన్నాయి.

ఇసుకలో పుట్టినవాడు ఇసుకకు తెలియకుండా దొంగతనం చేయగలడా? చెరువు నుంచి దిబ్బదాకా మడమ అరిగిన అతని చెప్పుల జాడ బారులు తీరి ఉంది. అది ఎవరిదో పాలు తాగే పిల్ల కూడా చెబుతుంది. పైగా తల్లిపిట్ట చెరువులోనే తిరుగుతూ గగ్గోలు పెడుతోంది.

"ఏరా గుమానా, గుడ్లు అక్కడుంటే తల్లి ఇక్కడ ఏడుస్తుందేం?" అంది ఊరికి పెద్దదైన ధాపూ అవ్వ.

"పుట్టింటి మీద బెంగ అవ్వా!"

"మరి పిట్ట చెప్పులెప్పుడు తొడుక్కుందిరా?"

"నీకు ప్రతిదీ ఎకసెక్కమే."

మేం నవ్వుకుని, కరువు ఖాయమని తెలిసి, మందలు తోలుకుని మేత దొరికే మాళ్వా పోవడానికి మూటలు కట్టుకున్నాం.

గుమానారాం మాత్రం రోజూ దిబ్బెక్కి, ఆ గుడ్లకు దణ్ణం పెట్టి దిగేవాడు. చిన్నప్పుడు పట్నంలో నేను చదివిన కాన్వెంటులో అబద్ధమాడితే సిస్టర్లు మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. తన అబద్ధాన్ని తానే నమ్మేవాడికి ఏం శిక్షో వాళ్ళూ ఎరగరు. ఒకనాడు విత్తనాల సజ్జల బస్తా భుజానికెత్తాడు. ఝమకూ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా. మనకున్న విత్తనం అదొక్కటే. వాన పడ్డాక చల్లుకుందాం."

"తప్పుకోవే. పిట్ట అబద్ధమాడుతుందా?"

"పిట్ట ఆడదు. గుడ్లు మోసిందెవరు?"

"ఎవరు మోస్తేనేం? పైనున్నాయా లేదా?"

పొడి ఇసుకలో బస్తా అంతా చల్లేశాడు. ఝమకూ మేకల్ని తోలుకుని మాతో వచ్చేసింది.

ఆ ఏడు అరచేయంత మబ్బు కూడా పట్టలేదు. గుడ్లు ఎండకు ఉడికిపోతే నక్క తినిపోయింది. విత్తనం చీమలూ ఎలుకలూ నెమళ్ళూ పంచుకున్నాయి. ఆ నెమళ్ళు ఎంత బలిశాయంటే, ఎగరలేక చలికాలమంతా నడిచే తిరిగాయి.

మేం తిరిగొచ్చేసరికి గుమానారాం జమ్మిచెట్టు కింద మీసం దువ్వుకుంటున్నాడు.

"బస్తా ఏదయ్యా?" అంది ఝమకూ.

"ఆ తీతువు ముండని నమ్మి చెడ్డానే! పిట్టలకు నీతి లేదు."

ఝమకూ మూట విప్పింది. మేకల బొచ్చు కత్తిరించే కత్తెర బయటికి తీసింది. "కూచో" అంది.

నీడ జరిగిపోయినా అతను అక్కణ్ణుంచి జరగలేదు.