నాన్న పైకి చెప్పనిది

ధ్యానం క్లాసులో గురువుగారు, “కాలు లేపుతున్నామని తెలిసి లేపండి” అన్నారు. చిన్నప్పటి లాలాగూడ రైలు పట్టాలు గుర్తొచ్చాయి.

నాన్న రైలింజను డ్రైవరు. సిగ్నలు కనబడగానే దాని రంగు పైకి చెప్పడం వాళ్ల పద్ధతి. ఇంట్లో కూడా “గ్యాస్ బంద్ చేసిన, తాళం ఏసిన” అనుకునేవాడు. ఆయనకు మతి పోతోందని నా భయం.

ఓ రోజు బడికి ఆలస్యమై, పట్టాలు దాటేచోట ఆయన చెయ్యి పట్టి లాగాను. కదల్లేదు.

“ఎడమ దిక్కు చూసిన. కుడి దిక్కు...”

మాట ఆగింది. ఆగివున్న గూడ్సు బండి చాటునుంచి ఎక్స్‌ప్రెస్ మా ముందే దూసుకుపోయింది.

“ఇప్పుడు ఖాళీ. కాలు ఏస్తున్న,” అన్నాడు మామూలుగా.

పట్టుకున్న మా చేతుల్లో అప్పుడు వణికింది నాదేననుకున్నాను ఇన్నాళ్లూ. ఇవాళ కళ్లు మూసుకుంటే తెలిసింది, అప్పుడు నాది బిగుసుకుపోయింది. వణికింది నాన్నది. అదొక్కటే ఆయన పైకి చెప్పలేదు.